వ్రణశేషం, కణుపుల లెక్క: పైత్యరసనాళ క్యాన్సర్ శస్త్రచికిత్సలో శోషరస కణుపుల తొలగింపు పరిధి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పైత్యరసనాళ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసేటప్పుడు చుట్టూ ఉన్న శోషరస కణుపులను ఎంతవరకు తొలగించాలనే ప్రశ్నకు దీర్ఘమైన చరిత్ర ఉంది. వ్యాధి శేషం మిగలకూడదన్న భావన ఆ పరిధిని మొదట విస్తరింపజేసింది. 20వ శతాబ్ది చివరి నుంచి వెలువడిన తులనాత్మక పరీక్షలు దానికి పైహద్దు గీశాయి. వ్యాధి దశను కణుపుల సంఖ్యతో నిర్ణయించే పద్ధతి కింది హద్దును ఏర్పరచింది. ఈ పరిణామాన్ని తెలుగు వ్యాధినామాల నేపథ్యంలో, రేణిగుంట ప్రాంత రోగుల వైద్యప్రయాణంతో అనుసంధించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పైత్యరసనాళం, శోషరస కణుపులు, వ్రణశేషం, కామెర్లు, శస్త్రచికిత్సా చరిత్ర, రేణిగుంట, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:

రేణిగుంటలో స్థిరపడిన మా మేనమామకు పైత్యరసనాళం కింది భాగంలో క్యాన్సర్ ఉందని తేలి, ఒక పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. కొన్ని రోజుల తర్వాత కణజాల పరీక్ష నివేదిక వచ్చింది. తీసిన కణుపులు 14, వాటిలో వ్యాధి కనబడినవి 2 అని అందులో ఉంది. "రెండే చెడిపోయుంటే తక్కిన పన్నెండు ఎందుకు తీసేసినారు నాయనా?" అని మా అత్త నన్నడిగింది. తెలుగు పరిశోధకుడినైన నా దగ్గర అప్పుడు జవాబు లేదు. తర్వాత ఈ విషయంపై వచ్చిన రచనలను చదువుతూ పోగా, అదే ప్రశ్నను శస్త్రవైద్యులు తరతరాలుగా తమలో తాము వేసుకుంటున్నారని తెలిసింది.

ఈ వ్యాసం వైద్యసలహా ఇవ్వడానికి ఉద్దేశించినది కాదు. ఒక శాస్త్రీయ ప్రశ్న ఎలా పుట్టింది, దానికి సమాధానం ఎందుకు మారుతూ వచ్చింది, ఆ మార్పును తెలుగులో చెప్పుకోవడానికి మన దగ్గర ఏ మాటలున్నాయి అన్న మూడు అంశాలకే ఇది పరిమితం.

2. మాటల చరిత్ర - పసరు, కామెర్లు, బిళ్ళలు:

తెలుగువారికి ఈ అవయవాల పరిచయం పాతదే. మాంసం కోసేవారు కాలేయాన్ని అంటుకొని ఉండే 'చేదుకట్టు' చితకకుండా జాగ్రత్తపడతారు. వాంతిలో పడే పచ్చని చేదునీటిని 'పసరు' అంటారు. సంస్కృత 'పిత్తం' నుంచి వచ్చిన 'పైత్యం' వాడుకలో తలతిప్పటను, చివరకు మనిషి వింతప్రవర్తనను కూడా సూచించే మాటగా విస్తరించింది. శాస్త్రరచన దానికి 'రసం' చేర్చి, కాలేయం స్రవించే ద్రవం అన్న అర్థానికి కట్టుబడేలా చేసింది. ఆ రసాన్ని చిన్నప్రేవు తొలిభాగమైన ఆంత్రమూలానికి చేర్చే గొట్టమే పైత్యరసనాళం.

ఈ నాళంలో గడ్డ పెరిగితే రసం వెనక్కు తన్ని రక్తంలో చేరుతుంది. కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు మారుతుంది, ఒళ్ళంతా దురద పుడుతుంది, మలం రంగు కోల్పోతుంది. చరకసంహిత చికిత్సాస్థానంలోని పాండురోగ ప్రకరణం కామల భేదాలను చెబుతూ, కఫం పిత్తమార్గాన్ని అడ్డగించినప్పుడు మలం నువ్వులపిండి ముద్దలా తెల్లబడుతుందని గుర్తించింది. 'కామల' నుంచే మన 'కామెర' వచ్చింది. అయితే జనవ్యవహారంలో ఆ భేదం నిలవలేదు. కాలేయానికి వైరస్ సోకి వచ్చే కామెర్లనూ, నాళం మూసుకుపోయి వచ్చే కామెర్లనూ 'పచ్చకామెర్లు' అనే ఒకే మాటతో పిలుస్తున్నాం. మొదటి రకం చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది. ఆ ఘనత పసరుమందుకు దక్కుతుంది. రెండోది తగ్గదు. అదే పసరును నమ్ముకొని గడిపిన వారాలు రోగికి తిరిగి రావు.

'లింఫ్ నోడ్' విషయంలో మాటల ఇబ్బంది మరో రకమైంది. కాలికి పుండు లేస్తే 'గజ్జల్లో బిళ్ళ కట్టింది' అంటాం. మెడలో వరుసగా లేచే బిళ్ళలకు 'గండమాల' అనే పాతపేరుంది. అంటే ఈ భాగాలు వాచినప్పుడే మనకు మాట ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లేదు. పాఠ్యపుస్తకాలలో 'శోషరస గ్రంథి', 'శోషరస కణుపు' అనే రెండు రూపాలూ కనబడతాయి. గ్రంథి అనగానే ఏదో స్రవించే అవయవం తోస్తుంది. ఇవి ఏమీ స్రవించవు. శోషరసం ప్రవహించే సన్నని నాళాల దారిలో వడపోత స్థానాలుగా పనిచేస్తాయి. చెరకుగడకు ఉండే కణుపును ఎరిగిన చిత్తూరు రైతుకు 'కణుపు' అన్న మాటతోనే ఆ అమరిక స్ఫురిస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో 'శోషరస కణుపు' అన్న రూపాన్నే వాడుతున్నాను.

3. శేషం అనే భావన - సుశ్రుతుడి నుంచి హాల్‌స్టెడ్ వరకు:

సుశ్రుతసంహిత నిదానస్థానం 11వ అధ్యాయం గ్రంథి, అపచి, అర్బుదం, గలగండాలను ఒకచోట చేర్చి వివరించింది. ఒక అర్బుదంపై మరొకటి పుట్టడాన్ని 'అధ్యర్బుదం' అని ప్రత్యేకించింది. చికిత్సాస్థానంలో అర్బుదాన్ని శేషం లేకుండా తీయాలనీ, మిగిలినది మళ్ళీ త్వరగా పెరిగి ప్రాణం తీస్తుందనీ హెచ్చరించింది. అగ్నిశేషం, ఋణశేషం, శత్రుశేషంతోపాటు వ్రణశేషాన్నీ ఉంచరాదన్న మన లోకోక్తిలో ఈ ఆలోచనే నిలిచి ఉంది.

ఆధునిక శస్త్రచికిత్సలో ఈ భావనకు శరీరనిర్మాణ శాస్త్రం తోడైంది. 1622లో గాస్పరే అసెల్లీ కుక్క పేగుల నుంచి సాగే పాలవన్నె నాళాలను గుర్తించాడు. 1650లలో థామస్ బార్తోలిన్, ఓలోఫ్ రుడ్‌బెక్ వేర్వేరుగా శోషరస వ్యవస్థను వర్ణించారు. 19వ శతాబ్దిలో రుడాల్ఫ్ విర్హో కణుపును వ్యాధివ్యాప్తికి అడ్డుగా నిలిచే జల్లెడగా భావించాడు. జల్లెడ నిండేవరకు వ్యాధి ముందుకు పోదనుకుంటే, గడ్డతోపాటు జల్లెడనూ తీసేస్తే శేషం ఉండదన్న నిర్ణయానికి రావడం సహజం. జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి చెందిన విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స ఈ తర్కానికి సంపూర్ణ రూపం. రొమ్మునూ, కింది కండరాలనూ, చంకలోని కణుపులనూ ఒకే ముద్దగా తీసివేయడం దాని పద్ధతి. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఇతర అవయవాల క్యాన్సర్లకూ అదే ఆదర్శమైంది.

4. కడుపు లోతుల్లోకి - 1898 నుంచి 1965 వరకు:

రొమ్ముకు వర్తించిన తర్కాన్ని పైత్యరసనాళానికి వర్తింపజేయడం సులభం కాలేదు. ఈ నాళం కాలేయానికి రక్తం తెచ్చే ధమనితోనూ, ద్వారసిరతోనూ ఒకే పొరలో పెనవేసుకొని దిగుతుంది. దాని చివరిభాగం క్లోమం తలలోంచి పోయి ఆంత్రమూలంలో తెరుచుకుంటుంది. కణుపులు ఈ రక్తనాళాల చుట్టూ కొవ్వులో దాగి ఉంటాయి.

1898లో హాల్‌స్టెడ్ స్వయంగా నాళం తెరుచుకునే చోట ఉన్న క్యాన్సర్‌ను స్థానికంగా కోసి తీశాడు. అంటే కణుపుల సిద్ధాంతానికి మారుపేరైన వ్యక్తి ఇక్కడ గడ్డవరకే ఆగవలసి వచ్చింది. జర్మనీలో వాల్తర్ కౌష్ క్లోమం తలతోపాటు ఆంత్రమూలంలో కొంతభాగాన్ని తీసిన శస్త్రచికిత్సను 1912లో ప్రకటించాడు. 1935లో న్యూయార్కులో అలెన్ విపుల్, సహచరులు ఇటువంటి చికిత్సను ముగ్గురు రోగుల అనుభవంతో వివరించారు. నేటికీ నాళం కింది భాగపు క్యాన్సర్‌కు చేసే ప్రధాన శస్త్రచికిత్సకు విపుల్ పేరే ఉంది.

ఈ దశలో రోగి బల్లమీద నుంచి ప్రాణాలతో దిగడమే ప్రధాన విషయం. కణుపుల పరిధి చర్చకు రాలేదు. 1954లో ఫ్రాంక్ గ్లెన్, డేనియల్ హేస్ పిత్తాశయ క్యాన్సర్‌కు పిత్తాశయంతోపాటు దాని పక్కనున్న కాలేయపు ముక్కనూ, నాళం చుట్టూ ఉన్న కణుపులనూ తీయాలని ప్రతిపాదించారు. కాలేయం వెలుపలి పైత్యరసమార్గపు శస్త్రచికిత్సలో కణుపుల పరిధిని స్పష్టంగా చెప్పిన తొలి ప్రతిపాదనలలో ఇది ముఖ్యమైంది. 1965లో గెరాల్డ్ క్లాట్‌స్కిన్ కాలేయద్వారం వద్ద, కుడి ఎడమ నాళాలు కలిసేచోట వచ్చే క్యాన్సర్‌ను 13 మంది రోగుల ఆధారంగా వర్ణించాడు. దీంతో పై భాగపు క్యాన్సర్, కింది భాగపు క్యాన్సర్ వేర్వేరు శస్త్రచికిత్సలు కోరతాయన్న అవగాహన స్థిరపడింది.

5. జపాన్ అంకెలు - కణుపులకు ఒక పటం:

ఎంతవరకు తీయాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఎక్కడ ఏముందో పేరు పెట్టాలి. ఆ పనిని అత్యంత క్రమబద్ధంగా చేసినవారు జపాన్ వైద్యులు. జఠర క్యాన్సర్‌కు వారు రూపొందించుకున్న అంకెల పద్ధతి 1981లో పైత్యరసమార్గ క్యాన్సర్ నియమావళిగా విస్తరించింది. దాని ప్రకారం నాళం, ధమని, ద్వారసిర చుట్టూ ఉన్నవి 12వ స్థానం. కాలేయానికి పోయే ప్రధాన ధమని వెంట ఉన్నవి 8. క్లోమం తల వెనుక ఉన్నవి 13, ముందు ఉన్నవి 17. పేగుల ప్రధాన ధమని చుట్టూ ఉన్నవి 14. మహాధమని పక్కన, వెన్నెముకకు ముందు ఉన్నవి 16.

ఈ అంకెలు ఒక దారిని కూడా చెబుతాయి. వ్యాధికణాలు సాధారణంగా 12 నుంచి 8కో, 13కో చేరి, అక్కడినుంచి 16 వైపు సాగుతాయి. 1970లలో, 80లలో జపాన్ శస్త్రవైద్యులు ఈ దారి చివరివరకు వెళ్ళడానికి సాహసించారు. నాగోయా విశ్వవిద్యాలయంలో యూజీ నిమురా బృందం కాలేయద్వార క్యాన్సర్‌కు కాలేయపు భాగాన్ని తీయడంతోపాటు 16వ స్థానం కణుపులనూ తీసింది.

ఆ బృందం 2001లో 110 మంది రోగుల ఫలితాలను ప్రకటించింది. వారిలో 52 మందికి ఏ కణుపులోనూ వ్యాధి లేదు. 39 మందికి దగ్గరి కణుపులలో, 19 మందికి మహాధమని పక్కన కూడా వ్యాధి ఉంది. మొదటి వర్గంలో ఐదేళ్ళు జీవించినవారు 30.5 శాతం, రెండో వర్గంలో 14.7 శాతం. మహాధమని దాకా వ్యాధి చేరినవారిలోనూ కొందరు దీర్ఘకాలం జీవించారు. ఆ కొందరు బతికింది కణుపులు తీయడం వల్లనా, లేక వారి వ్యాధి స్వభావం నెమ్మదైనది కావడం వల్లనా? ఇటువంటి అనుభవ నివేదికలు ఈ ప్రశ్నను తేల్చలేవు. ఒకే చికిత్స పొందినవారిని తమలో తాము పోల్చడంతోనే అవి ఆగిపోతాయి.

6. విస్తృత తొలగింపుకు ఎదురైన పరీక్ష:

ఆ సందేహాన్ని తీర్చగలిగినది, రోగులను చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విభజించి రెండు చికిత్సలను పోల్చే పద్ధతి. రొమ్ము క్యాన్సర్ విషయంలో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో 1971లో మొదలైన పరీక్ష హాల్‌స్టెడ్ పద్ధతిని ఇలాగే తూచింది. 2002లో ప్రకటించిన 25 ఏళ్ళ ఫలితాలలో, విస్తృత శస్త్రచికిత్స పొందినవారు ఎక్కువకాలం జీవించిన దాఖలా లేదు. కణుపు అడ్డుగోడ మాత్రమేనన్న భావన అక్కడ సడలింది. వ్యాధి కణుపులోకి చేరిందంటే రక్తంలోకీ చేరి ఉండవచ్చు. అప్పుడు కణుపు వ్యాధి ప్రయాణానికి ఒక సూచిక అవుతుంది.

క్లోమం తల, నాళం కింది భాగాల విషయంలోనూ ఇదే జరిగింది. 1998లో ఇటలీకి చెందిన సెర్జియో పెద్రజోలీ బృందం 81 మంది క్లోమ క్యాన్సర్ రోగులతో చేసిన పరీక్షలో విస్తృత తొలగింపు వల్ల మొత్తంమీద ఆయుర్దాయం పెరగలేదు. 2002లో జాన్స్ హాప్‌కిన్స్ నుంచి ఛార్లెస్ యో బృందం ప్రకటించిన పరీక్ష మన విషయానికి మరింత దగ్గరిది. అందులోని 294 మందిలో నాళం కింది భాగపు క్యాన్సర్ ఉన్నవారు కూడా ఉన్నారు. సాధారణ వర్గంలో సగటున 17, విస్తృత వర్గంలో సగటున 28.5 కణుపులు తీశారు. జీవితకాలంలో ప్రయోజనం కనబడలేదు. శస్త్రచికిత్సానంతర ఉపద్రవాలు మాత్రం 29 శాతం నుంచి 43 శాతానికి పెరిగాయి.

విస్తృత తొలగింపును పెంచి పోషించిన జపాన్ కూడా ఈ పరీక్షకు వెనుదీయలేదు. నిమురా నేతృత్వంలోని బహుకేంద్ర పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. క్లోమం తల క్యాన్సర్ రోగులలో సగటున 13 కణుపులు తీసిన వర్గానికీ, 40 తీసిన వర్గానికీ జీవితకాలంలో చెప్పుకోదగిన తేడా లేదు. పేగుల ధమని చుట్టూ నరాల జాలాన్ని కూడా తీసినందువల్ల విస్తృత వర్గంలో విరేచనాల బాధ ఎక్కువైంది. తన జీవితకాలపు సాధనను తానే తూకానికి పెట్టి, ప్రతికూల ఫలితాన్ని ప్రకటించడం ఈ చరిత్రలో ప్రత్యేకంగా గుర్తించవలసిన ఘట్టం.

కాలేయద్వార క్యాన్సర్‌కు ఆధారాలు నేటికీ ప్రధానంగా ఆసుపత్రుల అనుభవ నివేదికల నుంచే వస్తున్నాయి. ఆచరణలో 12వ స్థానంతోపాటు 8, 13 స్థానాలను తీయడం సాధారణమైంది. 16వ స్థానంలో వ్యాధి ఉంటే దాన్ని దూరవ్యాప్తిగానే లెక్కిస్తున్నారు. పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న ఉత్తరభారత కేంద్రాలలో, పెద్ద కోతకు ముందు మహాధమని పక్కనున్న కణుపును తీసి వెంటనే పరీక్షించి, అందులో వ్యాధి ఉంటే విస్తృత శస్త్రచికిత్స మానుకునే పద్ధతి కూడా ఉంది.

7. కనీస సంఖ్య - తొలగింపు నుంచి సాక్ష్యానికి:

పైహద్దు ఏర్పడుతున్న కాలంలోనే కింది హద్దు ప్రశ్న ముందుకొచ్చింది. కణుపులను తీసి పరీక్షించకపోతే వ్యాధి వాటిలో ఉందో లేదో తెలియదు. మూడే తీసి, వాటిలో వ్యాధి లేదన్న మాటకూ, పదిహేను తీసి లేదన్న మాటకూ సాక్ష్యబలం ఒకటి కాదు. తక్కువ పరీక్షిస్తే, వ్యాధి వ్యాపించిన రోగి కూడా వ్యాపించని వర్గంలో చేరిపోతాడు. ఎక్కువ పరీక్షించే ఆసుపత్రిలో రెండు వర్గాల ఫలితాలూ మెరుగ్గా కనబడే చిత్రమైన గణాంకభ్రమను ఆల్వాన్ ఫైన్‌స్టీన్ 1985లో వివరించాడు. రోగుల ఆయుష్షు మారకుండానే వర్గాలు మారడం వల్ల ఆ మెరుగుదల తోస్తుంది.

2010లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు, సరైన అంచనాకు కాలేయద్వార క్యాన్సర్‌లో 7, నాళం కింది భాగపు క్యాన్సర్‌లో 11 కణుపులైనా కావాలని సూచించారు. 2018 నుంచి అమలైన అమెరికా క్యాన్సర్ సంయుక్త కమిటీ 8వ కూర్పు కణుపుల చోటుకన్నా సంఖ్యకు ప్రాధాన్యమిచ్చింది. కింది భాగపు క్యాన్సర్‌లో కనీసం 12 కణుపుల పరీక్షను కోరింది. 1 నుంచి 3 కణుపులలో వ్యాధి ఉంటే ఒక వర్గం, 4 గానీ అంతకుమించి గానీ ఉంటే మరొక వర్గం.

ఈ వర్గీకరణ కాగితానికే పరిమితం కాదు. 2019లో ప్రకటితమైన బ్రిటన్ పరీక్షలో 447 మంది రోగులు పాల్గొన్నారు. శస్త్రచికిత్స తర్వాత ఆరునెలలు కెపెసిటబిన్ మాత్రలు ఇచ్చిన వర్గం మధ్యస్థ జీవితకాలం 51.1 నెలలు, ఇవ్వని వర్గంలో 36.4 నెలలు. ప్రధాన గణనలో ఆ తేడా గణాంకపరంగా నిర్ణాయకం కాకపోయినా, నియమానుసారం చికిత్స పొందినవారిని మాత్రమే లెక్కించినప్పుడు స్పష్టమైంది. తదుపరి చికిత్సను, ఎంత దగ్గరగా గమనిస్తూ ఉండాలన్నదాన్ని రోగితో చర్చించడానికి కణుపుల లెక్క ఒక ఆధారమైంది.

8. రేణిగుంట నుంచి వైద్యానికి దారులు:

ఇంత చరిత్ర ఒక ప్రాంతపు రోగికి ఎలా చేరిందన్నది వేరే ప్రశ్న. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చంద్రగిరి తాలూకా, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. 1900లో ఐడా స్కడర్ వేలూరులో ప్రారంభించిన చిన్న వైద్యశాల క్రమంగా క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా ఎదిగింది. చెన్నై - గుంతకల్లు, గూడూరు - కాట్పాడి మార్గాలు కలిసే రేణిగుంట కూడలి నుంచి పెద్దజబ్బులకు రెండు దారులుండేవి. ఒకటి తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి చేరి వేలూరుకు పోయేది, రెండోది మద్రాసుకు. అక్కడ 1954లో ముత్తులక్ష్మీరెడ్డి కృషితో అడయారు క్యాన్సర్ సంస్థ మొదలైంది.

తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల ఏర్పడింది. 1986లో శంకుస్థాపన జరిగిన స్విమ్స్ 1993లో సేవలు ప్రారంభించి, 1995లో శాసనం ద్వారా విశ్వవిద్యాలయమైంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదరోగికి పెద్ద శస్త్రచికిత్సను అందుబాటులోకి తెచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానాలు, టాటా ట్రస్టుల సహకారంతో నిర్మించిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ 2022 మే 5న తిరుపతిలో ప్రారంభమైంది. ఒకప్పుడు రైలు ఎక్కి వెళ్ళవలసిన దూరం ఇప్పుడు ఊరి బస్సు దూరానికి తగ్గింది.

తగ్గనిది పచ్చకామెర్ల మాట దగ్గర జరిగే ఆలస్యం. దురదతో, తెల్లబడిన మలంతో వచ్చిన కామెర్లు పసరుమందుతో పోయేవి కావన్న ఒక్క విషయం తెలిస్తే, కణుపులు ఎన్ని తీయాలన్న చర్చకు అర్హత ఉన్న దశలో రోగి ఆసుపత్రికి చేరగలడు. చేరాక కూడా కణుపుల లెక్క శస్త్రవైద్యుడి ఒక్కడి చేతిలో లేదు. తీసిన కొవ్వును వేళ్ళతో తడిమి, ఒక్కొక్క కణుపును వెతికి, కోసి సూక్ష్మదర్శిని కింద చూసే వ్యాధినిర్ధారణ వైద్యుడి ఓర్పు అందులో సగం. క్షయ విస్తారంగా ఉన్న మనదేశంలో ఉబ్బిన ప్రతి కణుపూ క్యాన్సర్ చేరినదే అనుకోవడానికి లేదు. ఆ తేడాను తేల్చేదీ ఆ పరీక్షే.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా కింది అంశాలను గుర్తించవచ్చు.

1. పైత్యరసనాళ క్యాన్సర్‌లో కణుపుల తొలగింపును మొదట నడిపించినది శేషం మిగలరాదన్న భావన. సుశ్రుతుడికీ, హాల్‌స్టెడ్‌కూ అది సమానమే.

2. జపాన్ అంకెల పద్ధతి ఆ భావనను కొలవదగిన ప్రశ్నగా మార్చింది. కొలిచినందువల్లనే దాని పరిమితి బయటపడింది.

3. క్లోమం తల, నాళం కింది భాగాలలో జరిగిన తులనాత్మక పరీక్షలు, విస్తృత తొలగింపు ఆయుర్దాయాన్ని పెంచలేదనీ, బాధను పెంచగలదనీ తెలిపాయి.

4. నేడు కణుపుల తొలగింపు చికిత్సగా ఎంత ముఖ్యమో, వ్యాధి ఎంత దూరం వెళ్ళిందో చెప్పే సాక్ష్యంగానూ అంతే ముఖ్యం. అందుకే దానికి పైహద్దుతోపాటు కింది హద్దు కూడా ఉంది.

5. 'పచ్చకామెర్లు' అన్న ఒకే మాటలో కలిసిపోయిన రెండు వ్యాధులను వేరుచేసి చెప్పడం, ఆరోగ్యంగా ఉన్న కణుపుకు కూడా ఒక తెలుగు మాటను వాడుకలోకి తేవడం పరిభాషాకర్తల ముందున్న పని. రోగి సంతకం చేసే అంగీకారపత్రానికి ఆ మాటలు అవసరం.

మా అత్త అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. తీయకముందు ఆ పద్నాలుగులో చెడినవి ఏవో ఎవరికీ తెలియదు. తక్కిన పన్నెండింటినీ తీసి చూసినందువల్లనే 'రెండే' అన్న మాట మనకు దక్కింది. ఆ 'రెండే'లోని ఏకారానికి పన్నెండు ఆరోగ్యమైన కణుపులు సాక్ష్యమిచ్చాయి. ఈ మాట చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "అట్లయితే ముందే ఈ మాట చెప్పుంటే సరిపోయేది గదా" అంది. చెప్పడానికి తగిన భాషను సిద్ధం చేయడం మన బాధ్యత.